ఆఖరి రీలు

"పాట లేదు, ఫైటింగు లేదు. ఎంతసేపు చూడాలె గీ నీళ్లు? బంద్ చెయ్యుండ్రి!"

కల్వకుర్తి రేకుల టాకీసులో మ్యాట్నీ. నేల నుంచి బెంచీల దాకా ఒకటే అరుపులు.

అది 1964 ఎండాకాలం. పోస్టరు మీద పెద్ద ఓడను చూసి, కత్తియుద్ధాల సినిమా అనుకుని తెప్పించాడు మేనేజరు రామచంద్రయ్య. తీరా చూస్తే ఆ ఓడ ఒక రాజు కాలంలో బయలుదేరి, ఇంకో రాజు కాలంలోకి పోతూనే ఉంటుంది. ఎవరూ నవ్వరు. ఎవరూ కొట్టుకోరు.

పన్నెండో రీలు అయ్యేసరికి ఆయనకే విసుగొచ్చింది.

"చాలు, ఆపు దుర్గయ్యా," అన్నాడు ఆపరేటరుతో.

హాలు ఖాళీ అయింది. నేల టికెట్టు ముసలాయన ఒక్కడే లేవలేదు. భుజాన గొంగడి, మెడ చుట్టూ తువ్వాలు.

"ఇంకొక రీలు ఉన్నది గద సారూ."

గొంతు లేదు. ఉత్త గాలి. పెదవులు చూసి అర్థం చేసుకోవాలి.

"అందరు పోయిండ్రు. నువ్వొక్కనివి చూసి ఏం జేస్తవ్? పో."

మరునాడు మళ్లీ వచ్చాడు. ఆ రోజు సగంలోనే ఆపేశారు. ముసలాయన పరుగున వచ్చి రామచంద్రయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఏదో చెప్పబోతే దగ్గు ముంచుకొచ్చింది. తువ్వాలు మీద ఎర్రటి మరక.

రామచంద్రయ్య చెయ్యి విదిలించుకున్నాడు.

"రోగం గిట్ల అంటిస్తవా ఏంది? దవాఖానకు పో!"

గేటు బయటికి నెట్టించాడు.

మూడోనాడు ఆట లేదు. డబ్బాలు తిరిగి పంపే ముందు, ఫిల్ము బాగుందో లేదో చూద్దామని ఆఖరి రీలు తిప్పాడు దుర్గయ్య.

తెర మీద కరువుకు ఊరు విడిచిన జనం ఓడ ఎక్కుతున్నారు. అప్పుడు లేచింది ఒక గొంతు. డోలు లేదు, తాళం లేదు. విడిచిన ఇంటినీ, ఎండిన చేలనూ, దారిలో చచ్చిన గొర్రెలనూ పేరుపేరునా పిలుస్తోంది.

బెంచీ మీద కూర్చుని చూస్తున్న రామచంద్రయ్య లేచి నిలబడ్డాడు. పాట అయిపోయినా కూర్చోలేదు.

"ఎవరిది దుర్గయ్యా గీ గొంతు?"

"పేరు వెయ్యలే సార్. పాలమూరు గొర్ల కాపరి అని రాసిండ్రు. గంతే."

"దీన్ని చూపియ్యకుంటనే ఆపినమా!"

బయట హైదరాబాదు బస్సు హారను కొట్టింది. డబ్బాలు వెళ్లిపోయాయి.

పదిహేను రోజులకు కోస్గి దిక్కు నుంచి ఒకామె వచ్చింది. పేరు లీలమ్మ.

"సార్, మా నాయిన ఈడికొచ్చిండా? మెడకు తువ్వాలుంటది."

"వచ్చిండు. ఎట్లున్నడు?"

"ఇంటికొచ్చి గోడదిక్కు తిరిగి పండుకున్నడు. ఎంత అడిగినా చెప్పలే. మూడు దినాలకు పోయిండు."

రామచంద్రయ్య తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"గొంతుల పుండు లేసి మాట పోయింది సార్. అంతకుముందే పట్నపోళ్లు మా మంద కాడికి మిషిను తెచ్చి ఆయన పాట పట్టుకపోయిండ్రు. సినిమా ఆఖర్ల వస్తదని చెప్పిండ్రట. 'నా గొంతు నేను ఒక్కపారి ఇనొస్త బిడ్డా' అని బస్సెక్కిండు. ఇన్నడా సార్?"