జిట్రేగికి కొత్త తాళం

“ఎవరది? కళ్ళు కనిపించడం లేదా?”

చెక్కల కొట్టు గుమ్మంలో నిలబడి చిన్నమేస్త్రి అరిచింది.

“కనిపించవమ్మా,” అని లోపలి చీకట్లోంచి నింపాదిగా జవాబొచ్చింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. దొరికిపోయిన దొంగ కాళ్ళావేళ్ళా పడాలి గానీ, ఎకసెక్కాలాడటమేమిటి!

పట్టపగలు. కొలబద్ద మర్చిపోయి పని మధ్యలో వెనక్కి రాబట్టి సరిపోయింది. కిటికీ లేని ఆ కొట్టులో, గోడకున్న లైటు కూడా వేసుకోకుండా, ఎవరో ముసలాయన ఆమె జిట్రేగి చెక్కల్ని తడుముతున్నాడు. ఒక చెక్కని అప్పటికే దొంతర మీంచి దించేశాడు. గోడకి ఓ చేతికర్ర ఆనించి ఉంది.

ఆ చెక్కలంటే ఆమెకి ప్రాణం.

ఆమె పుట్టిన ఏడాది గాలివానకి పెద్ద జిట్రేగి చెట్టు ఒకటి కూలింది. వాళ్ళ నాన్న పెద్దమేస్త్రి దాన్ని కూతురి కోసమని తెచ్చి, తన చేతులతోనే కోసి, ఆ కొట్టులో పేర్చాడు. ఆ కోత కథ వింటూనే ఆమె పెరిగింది. నాన్న చిత్రిక పడుతుంటే పక్కనే కూర్చుని, ఉంగరాలు తిరిగిన పేళ్ళని వేళ్ళకి తొడుక్కుని, తెలిసిన కథే మళ్ళీ చెప్పమనేది.

“గొయ్యి తవ్వి, దాని మీద మానుని అడ్డంగా వేశాం. పైన నేను, గోతిలో ఇంకొకడు. పైవాడికి గీత కనిపిస్తుంది. కిందివాడికి కనిపించేది మీద రాలే రంపప్పొట్టే. అయినా నన్ను నమ్మి రంపం లాగాడమ్మా.”

“ఆ కిందాయన ఇప్పుడెక్కడున్నాడు నాన్నా?”

సరిగ్గా అక్కడికొచ్చేసరికి పెద్దమేస్త్రికి ఏదో పని గుర్తొచ్చేది. “ఆ ఉలి ఇలా అందుకో,” అనేవాడు.

పోయేముందు మాత్రం ఒక్క కోరిక కోరాడు. “ఆ చెక్కతో పెద్ద బల్ల చెయ్యి తల్లీ. పనివాళ్ళందరం కలిసి కూర్చుని తినే బల్ల. ఎన్నాళ్ళని పొట్టులో కూర్చుని తింటాం?”

ఆయన పోయి చాలా ఏళ్ళయినా, చెయ్యి బాగా తిరిగాక గానీ ఆ చెక్క మీద ఉలి పెట్టకూడదని ఆగింది. అలాంటి చెక్కని ఎవడో తడమడమా!

“తాళం ఎలా తీశావ్?”

“తాళంచెవితోనే.”

“మారుతాళం కూడా చేయించావన్నమాట!”

ముసలాయన మళ్ళీ నోరు తెరిచేలోపు, వీధంతా వినేలా కడిగిపారేసింది. ఆయన అంతా విన్నాడు. వింటుంటే ఆయన మొహంలో చిన్న నవ్వు కూడా కదిలింది. అది చూసి ఆమె మరో నాలుగు కలిపింది.

“అయితే ఇకనుంచి ఈ చెక్కల సంగతి నువ్వే చూసుకుంటావా తల్లీ?”

“నా సొత్తు నేను కాక నువ్వు చూస్తావా?”

“అంతకంటే కావలసిందేముంది!”

దించిన చెక్కని జాగ్రత్తగా దొంతరలో చేర్చి, కర్ర అందుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

పొద్దుగూకేలోపే కొట్టుకి కొత్త తాళం పడింది.

“అడ్డొస్తే కొట్టడానికి కర్ర కూడా తెచ్చుకున్నాడు పిన్నీ,” అని పక్కింటి పిన్నికి చెప్పింది.

“ముసలాయన కదా, నడవడానికేమోనే!”

“మరి లైటు వేసుకోకుండా చీకట్లో ఏం పనట?”



రెండు మూడు వానాకాలాలు వచ్చి వెళ్ళాయి. చిన్నమేస్త్రి చేతి పనికి నలుగురిలో పేరొచ్చింది. ఇక బల్ల మొదలుపెట్టొచ్చని ఒకరోజు ఉత్సాహంగా తాళం తీసింది.

పైచెక్కలు బాగానే ఉన్నాయి. కిందివి ఒక్కొక్కటీ పళ్ళెంలా వంగిపోయి, అంచులు పగిలి ఉన్నాయి. పీటలకి పనికొస్తాయేమో. బల్లకి సరిపడా చెక్క మాత్రం మిగల్లేదు.

ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చింది. అది విని పక్కింటి పిన్ని పరుగెత్తుకొచ్చింది.

“నాన్న పోయాక ఇన్నేళ్ళూ చెక్కు చెదరలేదు పిన్నీ! జాతి చెక్క కదా, వంగదనుకున్నాను. ఇప్పుడే ఏం రోగమొచ్చింది దీనికి?”

ఆ వారంలోనే ఎవరో ఒకావిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొంగు ముడి విప్పి ఓ పాత తాళంచెవి తీసింది.

“మా నాన్న మొన్న పోయాడక్కా. ఇది మీ చేతికే ఇమ్మన్నాడు. మీ నాన్నగారు ఆయనకిచ్చిన తాళంచెవి.”

“మా నాన్న ఇచ్చాడా? ఎందుకు?”

“ఆ కొట్టు నేల చెమ్మ లాగుతుందట కదా! వానలకి ముందోసారి, వెలిశాక ఓసారి వచ్చి, కింది చెక్కలు పైకీ, పైవి కిందికీ మార్చి వెళ్ళేవాడు. ఇక మీరే చూసుకుంటానన్నారని మానేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత మురిసిపోయాడనుకున్నారు! ‘పిల్ల మేస్త్రి అయిపోయింది, తిట్లు కూడా అచ్చం వాళ్ళ నాన్నవే’ అన్నాడు.”

చిన్నమేస్త్రికి నాన్న గొంతు గుర్తొచ్చింది. ఆ ముసలాయన నవ్వూ గుర్తొచ్చింది. ఆ తిట్లని వెనక్కి తీసుకునే దారే కనిపించలేదు. ఆ బాధలో తప్పు కాస్తయినా ఆయన మీదకి నెట్టాలని చూసింది.

“తాళంచెవి మా నాన్నే ఇచ్చాడని నాతో ఒక్క మాట అనొచ్చు కదమ్మా! కనీసం లైటైనా వేసుకుని ఉంటే, నేను దొంగనుకునేదాన్ని కాదు కదా!”

వచ్చినావిడ తాళంచెవిని ఆమె అరచేతిలో పెట్టి, మెల్లగా అంది.

“లైటుతో ఆయనకేం పనక్కా? ఈ చెక్కలు కోసేటప్పుడు గోతిలో నిలబడి రంపం లాగింది ఆయనే, అప్పుడు కళ్ళల్లో పడ్డ పొట్టుకే చూపు పోయింది.”