నీడవైపు సీటు

మనూర్ బస్సులో ఎండ ఏ వైపు పడదో చూసుకునే కూర్చున్నాను. నారాయణఖేడ్ దాటగానే అవతలి సీటులో చంటిబిడ్డతో ఉన్న ఆమె అడిగింది.

"అన్నా, జర నువ్వు గీడ కూసుంటవా? పోరని మీద ఎండ పడుతుంది."

నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. ఆమె రెండుసార్లు పిలిచింది. తర్వాత తువ్వాల తడిపి తన కిటికీకి కట్టుకోవడం ఓరకంట కనిపించింది.

రోడ్డు మలుపు తిరిగాక ఎండ నా ముఖం మీదికొచ్చింది. కళ్లు తెరిస్తే దొరికిపోతాను. అలాగే మాడుతూ కూర్చున్నాను.

ఉన్నట్టుండి ముఖం చల్లబడింది. రెప్పల సందులోంచి చూశాను. ఆమె చంకలో బిడ్డతోనే ఆ తడి తువ్వాల నా కిటికీకి కడుతోంది. బిడ్డ ఏడవబోయాడు.

"సప్పుడు జెయ్యకు బిడ్డా. మామ పండుకున్నడు."

నేను దిగాల్సిన ఊరు వచ్చింది, వెళ్లిపోయింది. కళ్లు తెరవలేకపోయాను.