గరిటె డాట్ ఇన్

"ఆ దొంగ వెధవ ఎవడో తెలిస్తే కాళ్లిరగ్గొడతా!"

రాజమోహన్ ఫోన్ విసిరేసినంత పని చేశాడు.

ఆత్మకూరులో అతని షెడ్డు. నలభై వేల చెక్క గరిటెలు గోడల దాకా పేర్చి ఉన్నాయి. ప్రతి పిడి మీదా కాల్చిన ఇనుప ముద్ర: గరిటె డాట్ ఇన్. శుక్రవారం బెంగళూరు కంపెనీ సరుకు ఎత్తుకుంటుంది. ఆ లోపు ఆ పేరుతో వెబ్‌సైటు నడవాలి. లేకపోతే ఆర్డరు రద్దు.

మంచి రోజు పోతుందని ముందు ముద్రలు వేయించేశాడు. తర్వాత చూస్తే ఆ పేరు ఎవరో ఎప్పుడో కొనేసుకున్నారు. ఎవరన్నది నెట్‌లో కనపడదు. బేరమంతా మధ్యవర్తితోనే. మొదట రెండు లక్షలన్నారు.

"ఇచ్చేయండయ్యా," అంది షెడ్డులో ముద్రలు వేసే మస్తాన్‌బీ, గరిటెలు కట్టలు కడుతూ. "నాకు బయంగా ఉండాది. రేపటికి నాలుగంటాడేమో."

"నోరు మూసుకోని పని చూడుమే! ఈ పేరు చిన్నగా బాగుంటాదని చెప్పింది నువ్వే గదా, పాడు నోరు!"

షెడ్డంతా నవ్వింది. మస్తాన్‌బీ పిరికితనం అందరికీ తెలుసు. ఉదయగిరి నుంచి రోజూ వస్తుంది. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందంటుంది. కూతురు నుస్రత్ ఫోన్ తీయకపోతే ఏడుపే.

ఆ గరిటె పిడి చేపలా ఉంటుంది. మొదట చెక్కింది మస్తాన్‌బీ భర్త షావలి. రాజమోహన్ దాన్ని తన పేరున రాయించుకుని అవార్డు తెచ్చుకున్నాడు. అడగబోయిన షావలిని, "చెక్క గీక్కునేవాడివి, నీకెందుకురా పేరు?" అని అందరి ముందూ గెంటించాడు. షావలి మళ్లీ ఉలి పట్టలేదు. ఆ ఏడాదే పోయాడు. ఇది జరిగి మూడేళ్లు.

మర్నాడు ధర నాలుగు లక్షలైంది.

"నేను చెప్పలా?" మస్తాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముద్ర గీకేద్దామన్నా తోక విరుగుతాదయ్యా. ఈ సరుకంతా పొయ్యిలోకేనా?"

ఒకటి గీకి చూశారు. తోక విరిగింది.

"బిగబట్టి కూర్చుంటే వాడే దిగుతాడు," అన్నాడు రాజమోహన్.

"దిగకపోతే? అంత డబ్బు యాడ తెస్తారయ్యా? మా జీతాలు కూడా పోతాయేమో."

"కొత్త కారుకని పన్నెండు దాచినానే, పన్నెండు! నీ ఏడుపు ఆపు."

గురువారం పొద్దున మధ్యవర్తి ఫోన్ చేశాడు. ధర పన్నెండు. మధ్యాహ్నం దాటితే వేరేవాళ్లకు.

రాజమోహన్ ముఖం పాలిపోయింది. తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. చివరికి పన్నెండూ పంపించాడు.

"నా కారు మింగినాడు. వాణ్ణి జన్మలో వదల్ను!"

"పైన అల్లా చూస్తానే ఉంటాడయ్యా," అంది మస్తాన్‌బీ.

"పో, ఇంటికి పో. ఇంక బయపడమాక."

ఆమె చేతులు కడుక్కుని ఉదయగిరి బస్సెక్కింది. కిటికీలో కొండ కనపడ్డాక ఫోన్ తీసింది.

"నుస్రతూ, డబ్బులు పడినాయి గదా, మీ అబ్బా పోయిన నలభయ్యో రోజు ఫాతెహా నాడు నువ్వు ఆరొందలకు కొన్న ఆ పేరు ఇంక మా షెడ్డాయనకు ఇచ్చెయ్యి."