పట్టుదారం ముడి

“పళ్ల తీగకు ఈ దారం ఎవరు కట్టినారమ్మా?” మదీనాబీ నోట్లోకి తొంగిచూస్తూ బెంగుళూరు ధర్మాసుపత్రి డాక్టరు అడిగాడు.

“నేనే సామీ,” అంది తల్లి హలీమాబీ గర్వంగా. “మీరు కట్టిన తీగ వదులుగా ఉండాదని, దినామూ సాయంత్రం పట్టుదారంతో బిగిస్తాండా.”

“వదులుగా ఉంటేనే వంకర పన్ను తీగమీద జారి వరసలోకొచ్చేది. నువ్వు బిగించేసరికి రాపిడెక్కువై ఆడనే నిలిచిపోయింది. ఆర్నెల్ల కష్టం వృథా!”

శెనక్కాయలు ఒలిచి ఒలిచి మొద్దుబారిన వేళ్లను హలీమాబీ కొంగులో దాచుకుంది.

బయటికొచ్చాక కూతుర్ని కసిరింది. “నొప్పైతాందని ఒక్క మాటన్నా చెప్పకపోతివే!”

“చెప్తే కట్టేది మానుకుంటావని...” మదీనా తల దించుకుంది. “ఆ కాసేపే గదమ్మా, నువ్వు నా మొగం చూసేది.”

ఇల్లు చేరాక హలీమాబీ ఎప్పటిలాగే కూతురి గడ్డం పట్టుకుని, మొహాన్ని దీపంవైపు తిప్పింది.

చేతిలో దారం లేదు.