గంట గొంతు

"అధ్యక్షుడి పీపా గంట గొంతు నాకు తెలుసు. పక్క పీపా మోగిందో, మీ మూటలు ఇవాళే పుట్టింటికి!" అన్నాడు కెబ్బా, పోలింగ్ కేంద్రం బయట పెళ్లాలిద్దరితో. అక్కడ ఓటంటే కాగితం కాదు, గోలీ; ఒక్కో అభ్యర్థికీ ఒక్కో పీపా, గోలీ పడగానే అందులోని గంట మోగుతుంది.

పెద్ద భార్య సిర్రా ఓటు గోలీతో తెర వెనక్కి వెళ్లింది. మనసు పక్క పీపా మీదే ఉన్నా, చెయ్యి అధ్యక్షుడి పీపా వైపే పోయింది. గోలీ పడి గంట మోగింది.

"మనదే!" బయటినుంచి కెబ్బా కేక.

తర్వాత చిన్న భార్య జైనబా వెళ్లింది. గంట మోగింది.

"ఇదీ మనదే! నా చెవంటే మజాకానా!"

ఇంటిదారిలో జైనబా కిసుక్కున నవ్వింది. "నేను పక్క పీపాలో వేశానక్కా."

"అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందే?"

"నీవల్లే! నువ్వూ పక్కదాంట్లోనే వేసుంటావుగా. అయినా మనదే అన్నాడు!"

సిర్రా ఖాళీ పిడికిలిని ఇంకా బిగించింది.

"అవునే," అంది.