నీళ్ళ వరుస

ల్యాబ్‌లో నేనొక్కదాన్నే మిగిలాను. ఫ్రిజ్ హోరు తప్ప వేరే చప్పుడు లేదు.

నీళ్ళతో పాటు పేగుల్లోకి చేరే ఒక పరాన్నజీవి మీద మా పని. అది బతకడానికి వాడుకునే ఎంజైమ్‌ని కట్టిపడేసే మందు తయారు చేస్తున్నాం. పరీక్ష ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో ఆ ఎంజైమ్ పనిచేస్తే పసుపు రంగు వస్తుంది, మందు దాన్ని ఆపితే రాదు. పోల్చి చూసుకోవడానికి చివరి వరుసలో ఎంజైమ్‌కి బదులు ఉత్త నీళ్ళు పోస్తాం. అక్కడ రంగు రానే కూడదు.

ఇవాళ అక్కడే వచ్చింది.

ఏదో కలిసిపోయి ఉంటుందని నన్ను నేనే తిట్టుకుంటూ కొత్త ప్లేటు పెట్టాను. మళ్ళీ నీళ్ళ వరుసే పసుపెక్కింది. అందులో మా మందు వేశాను. ఇన్నాళ్ళూ మాట తప్పని మందు అది. రంగు ఆగలేదు సరికదా, ఇంకా చిక్కబడింది.

అప్పుడు గుర్తొచ్చింది. ల్యాబ్ నీళ్ళ డబ్బా ఖాళీ అయితే, కిందికెళ్ళి తెచ్చే ఓపిక లేక, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోవి పోశాను.

సీసా సగం ఖాళీగా ఉంది. తాగింది నేనే.

ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన గుసగుసగా మాట్లాడాడు.

"పాప ఇప్పుడే మళ్ళీ లేచింది. సాయంత్రం నుంచీ ఒకటే దాహం దానికి. ఎన్ని తాగించినా చాలట్లేదు."

వెనకాల గ్లాసు నిండుతున్న చప్పుడు.

ఆ నీళ్ళు ఇవ్వొద్దు అనబోయాను. గొంతు ఎండిపోయి మాట రాలేదు. నా చేయి అప్పటికే సీసా మూత తిప్పుతోంది.