గేటు దగ్గర సోదా

కిటికీ కింద నక్కి కూర్చున్న సీసాల పిల్ల మీద ఒక నీడ పడింది. నీడకు టోపీ ఉంది, చేతిలో కర్ర ఉంది. పిల్ల గోడకు అతుక్కుపోయింది.

బడి వాచ్‌మన్! పిల్లలందరూ ఆయన్ని డేగ తాత అంటారు. అసలు పేరేమిటో ఎవరికీ తెలీదు. ఇరవై రెండేళ్లుగా ఆ గేటు కాస్తున్నాడు. లోకంలోని కాపలావాళ్లంతా లోపలికి వచ్చేవాళ్లని ఆపితే, ఈయన బయటికి పోయేవాళ్లని ఆపుతాడు. బడి సామాను సుద్దముక్కంత కూడా గడప దాటకూడదు, అంతే. ఆయన సోదా తప్పించుకుని దోమ కూడా పోలేదట. పోయిన దోమ ఒకటుంటే, అది తాగిన రక్తం కక్కేసి పోయిందట.

"ఎవరు నువ్వు? ఏం ఎత్తుకుపోదామని వచ్చావు?"

"ఏమీ లేదు తాతా. పాఠం వింటున్నా."

"బయట కూర్చునా? లోపల గాలాడ్డం లేదా?"

పిల్ల ఉన్నదంతా చెప్పేసింది. బడి గోడ వెనకాల పాత సీసాల కొట్టు. వాళ్లమ్మ అక్కడ సీసాలు కడుగుతుంది. తను తొట్టిలో నానేసి వాటి కాగితాలు ఊడదీస్తుంది. ఆ కాగితాల మీద ఏముందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. అందుకని బడికి పోతానని రెండు రోజులు తిండి మానేసింది. అమ్మ వెంటబెట్టుకొస్తే పెద్ద టీచరమ్మ దరఖాస్తు తీసింది.

"మీరు ఊరూరూ తిరిగేవాళ్లు. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్న మనిషి ఎవరైనా పూచీ పడి సంతకం చేయాలి. వేలిముద్ర చెల్లదు. పరీక్షలు మొదలయ్యేలోగా తెండి, చేర్చుకుంటాను" అంది.

కొట్టు యజమానిని అడిగితే, "రేపు మీరు మూటాముల్లె సర్దుకుని చెక్కేస్తే నా పీకల మీదికొస్తుంది" అన్నాడు.

డేగ తాత అంతా విన్నాడు. నమ్మిన మొహం పెట్టలేదు. చొక్కా జేబులో పెన్ను సవరించుకుని కళ్లు చికిలించాడు.

"పాఠం వింటే బుర్రలోకి ఏదో ఒకటి ఎక్కుతుందిగా? అదీ బడి సామానే. సోదా చేయకుండా ఎలా పోనిస్తాను? బడి వదిలి అందరూ వెళ్లాక గేటు దగ్గరికి రా. ఇవాళ ఏం మోసుకుపోతున్నావో గచ్చు మీద రాసి చూపించు. ఒక్కటి దాచావో, రేపట్నుంచి నీకు ఈ కిటికీ ఉండదు."

కిటికీ ఉండదంటే గోడ కూలగొట్టేస్తాడేమోనని పిల్ల హడలిపోయింది.

ఆ రోజు మొదలు రోజూ సోదానే. పిల్ల సుద్దముక్కతో రాస్తుంటే ఆయన గొంతుక్కూర్చుని, కర్రతో ఒక్కొక్క అక్షరాన్నీ పొడిచేవాడు.

"ఇదేంటి?"

"ద."

"మరి ఇది?"

"ధ."

"ఒకే మొహం, రెండు పేర్లా? దీనికి కింద తోకెక్కడ్నుంచి వచ్చింది? పేరు మార్చుకుని తిరిగేవాళ్లంతా దొంగలే! రెండూ పక్కపక్కన రాయి. గట్టిగా పలుకు, నాకు చెవుడు."

గోడ అవతల అమ్మ పిలిచినా వినపడే ఆ చెవులకు చెవుడేంటో పిల్లకు అంతుబట్టలేదు. రాసింది తుడవబోతే, "ఉండనీ. సాక్ష్యం" అనేవాడు. నాలుగక్షరాల మీద మాత్రం ఆయనకు మరీ గుర్రు. "ఆ నాలుగూ మళ్లీ రాయి. వాటి మీదే నాకు అనుమానం" అని రోజు విడిచి రోజు రాయించేవాడు. తన మీద పెద్ద కేసే కడుతున్నాడని పిల్ల తేల్చుకుంది. అయినా కిటికీ వదల్లేదు.

బడి ఊడ్చే అత్త చూడలేక ఒకరోజు అడిగేసింది. "పసిదాన్ని పట్టుకుని ఆ పోలీసు విచారణేంటి బాబాయ్?"

"నీకు తెలీదులే అమ్మాయ్. చూడ్డానికి పిడికెడుంది గానీ, రోజుకెంత పట్టుకుపోతోందో తెలుసా?"

పరీక్షలు రేపనగా డేగ తాత సీసాల పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

"పద, పెద్ద టీచరమ్మ దగ్గరికి. ఇవాళ నీ సంగతి తేలిపోవాలి."

"రోజూ అన్నీ చూపించాగా తాతా! ఒక్కటీ దాచలేదు!"

పిల్ల గొంతు విని అమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "బాబూ, ఇంకెప్పుడూ ఇటు రానివ్వను, వదిలెయ్యండి" అని బతిమాలింది. ఆయన తిరిగి చూడలేదు. ముగ్గురూ వెళ్లి టీచరమ్మ బల్ల ముందు నిలబడ్డారు.

"ఏం దొంగిలించింది?" అంది టీచరమ్మ.

"యాభై ఆరు అక్షరాలు, అమ్మగారూ. కిటికీలోంచి ఒక్కటి మిగల్చకుండా లాగేసింది. అన్నీ పట్టుకున్నాను."

పిల్ల తల వాలిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ రోజు దీని దరఖాస్తు చూపించారటగా. అదొకసారి ఇలా ఇవ్వండి."

టీచరమ్మ సొరుగు లాగి కాగితం బల్ల మీద పెట్టింది.

ఇరవై రెండేళ్లుగా జీతం పుస్తకంలో వేలిముద్ర తప్ప మరోటి వేయని డేగ తాత, జేబులోని పెన్నుకు మొట్టమొదటిసారి మూత తీసి, సోదాలో పట్టుకున్న ఆ నాలుగక్షరాలనూ పూచీ పడేవారి గడిలో ఒక్కొక్కటే వంకరటింకరగా దించాడు.